గానుగ వీధి గొయ్యికి వచ్చిన గిరాకీ

గోరింటపాడు పురపాలక సంఘంలో గోతులు తవ్వడానికి ఒక శాఖ, పూడ్చడానికి ఒక శాఖ ఉన్నాయి. రెంటికీ మాటల్లేవు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు కాబట్టి, ఆషాఢంలో గానుగ వీధి మొగలో, సరిగ్గా డ్రిల్లు మేష్టారు సత్యానందం ఇంటి గేటు ముందు, మంచినీళ్ళ గొట్టం కోసం గొయ్యి తవ్వినప్పుడు ఎవరూ పెద్దగా ఆశలు పెట్టుకోలేదు. మేష్టారి భార్య వకుళ మాత్రం పెట్టుకుంది. ఆవిడ డిగ్రీ చదువుకుంది.

గొయ్యి నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మనిషి ఛాతీ లోతు. తవ్వినవాడు ఏసుదానం, ముప్ఫయ్యేళ్ళ సర్వీసున్న కొళాయి ఫిట్టరు. లోపలికి దిగి, గొట్టం మీద చెయ్యి ఆనించి, నాడి చూసినట్టు చూసి పైకొచ్చాడు.

"జాయింటు పగిలిందండమ్మగారూ. కొత్త ముక్క ఏస్తే అరగంట పని."

ముక్క మర్నాడే వచ్చింది. దాన్ని బిగించడానికి అనుమతి మాత్రం రాలేదు. ఎప్పుడొస్తే అప్పుడు బిగించవచ్చని ఏసుదానం ఆ ముక్కను చేతిసంచిలో వేసుకుని తిరగడం మొదలుపెట్టాడు. శ్రావణం వెళ్ళింది, భాద్రపదం వెళ్ళింది, ఆ బరువుకి సంచీ ఒక పక్కకి సాగిపోయింది.

గొట్టం పగిలింది కాబట్టి వీధికి నీళ్ళు కట్టేశారు. ఏడిళ్ళవాళ్ళూ రెండు వీధుల అవతల రైసుమిల్లు బోరు దగ్గరికి బిందెలతో నడిచేవారు. వకుళ వంతు రోజుకి పద్నాలుగు బిందెలు. అందులో నాలుగు అత్తగారు అచ్చాయమ్మ స్నానానికే పోయేవి. డెబ్భయ్యారేళ్ళ ఆవిడకి ఒళ్ళు తడిస్తే చాలదు, నీళ్ళు పోసుకున్నట్టు అనిపించాలి. సత్యానందం బడిలో పిల్లల్ని మైదానం చుట్టూ పది చుట్లు పరిగెత్తించేవాడే గానీ, బిందె ఎత్తబోతే నడుం పట్టేసేది. ఎక్కువ శ్రమ వల్ల వచ్చిన నడుంనొప్పి అని ఆయన అనేవాడు. బిందెను చూస్తే వచ్చే నడుంనొప్పి అని కన్నతల్లి అనేది. నొప్పి ఎవరిదైనా వకుళ భుజం మాత్రం దసరా నాటికి ఒక పక్కకి వాలింది. ఏసుదానం సంచీ లాగానే.

ఈ లోపల కమిషనరు పరాంకుశం గారు మూడు రోజుల శిక్షణా శిబిరానికి వెళ్ళొచ్చారు. అలాంటి శిబిరాలకి అందరూ వెళతారు. భోజనం బాగుంటుంది. పరాంకుశం గారు మాత్రం భోజనమయ్యాక కూడా కూర్చుని విన్నారు. కొన్ని వెబ్‌సైట్లుంటాయట. మనం ఏదో ఒకటి రాసి అందులో పెడితే జనం వచ్చి చూస్తారట. చూస్తున్నంతసేపూ పక్కన ప్రకటనలు కనపడతాయట. ఆ ప్రకటనల మీద వచ్చినదాంట్లో సగం వెబ్‌సైటువాళ్ళు ఉంచుకుని, సగం రాసినవాళ్ళకి ఇస్తారట. ఊరికే కూర్చుని రాయడమే. తిరిగొచ్చిన మర్నాడు సిబ్బంది సమావేశంలో ఆయన, జనం రోజూ వచ్చి చెప్పుకునే బాధలన్నీ ఇన్నేళ్ళుగా ఉచితంగా విని వ్యర్థం చేశామని విచారం వెలిబుచ్చారు. వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది.

"ఇకమీదట పౌరులు తమ బాధలను కాగితముపై సమర్పించరాదు. 'మన ఊరి వీక్షణము' అను వెబ్‌సైటునందు, ఛాయాచిత్ర సహితముగా, మూడు వందల పదములకు తగ్గకుండా నమోదు చేయవలెను. అంతకు తక్కువైన బాధ పరిగణనలోనికి తీసుకొనబడదు. పరిష్కరింపబడిన బాధ తక్షణమే వెబ్‌సైటునుండి తొలగింపబడును."

ఆ చివరి వాక్యంలో ఏముందో అప్పటికి ఎవరికీ తట్టలేదు. పొట్టిగా మాట్లాడేవాళ్ళకి మాత్రం చిక్కొచ్చి పడింది. మెయిన్ బజారులో బట్టల కొట్టాయన "దీపం వెలగడం లేదు" అన్న ముక్కని మూడు వందల పదాలకి సాగదీయలేక, ఆఖరికి చీకటికే అలవాటు పడ్డాడు.

వకుళకి ఆ ఇబ్బంది లేదు. పొయ్యి మీద పప్పు ఉడికేలోగా, గట్టు పక్కన నిలబడి ఫోనులోనే రాసేసింది.

"మా గొయ్యికి మొన్న దశమితో మూడు నెలలు నిండాయి. పిల్లలు నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగేస్తే అరిసెలు పంచడం మా ఇళ్ళల్లో ఆనవాయితీ. మా గొయ్యి ఇంతవరకూ నవ్వలేదు. బోర్లా పడటం మాత్రం మా ఆడపడుచు భర్తగారు పడ్డారు. ఆనవాయితీ తప్పకూడదని బొబ్బట్లు చేశాను. పిండి తడపడానికి నీళ్ళు రైసుమిల్లు నుంచి తెచ్చుకున్నాను. పడ్డాయన కుడిచెయ్యి కట్టులో ఉంది కాబట్టి ఎడమచేత్తోనే నాలుగు తిన్నారు. గొయ్యి పెరిగి పెద్దదై అడుగులు వేసి, మా వీధి దాటి వెళ్ళిపోతే అరిసెలు చెయ్యడానికి కూడా సిద్ధంగా ఉన్నాను..."

ఇలా సాగింది. లెక్కపెడితే మూడు వందల మూడు పదాలు వచ్చాయి. మూడూ కొసరు అనుకుని పంపేసి, పప్పు దింపింది.

సాయంత్రానికి రెండు వందలమంది చూశారు. మర్నాడు ఎవరో ఇంకెవరికో పంపారు. వారానికి నలభై వేలయ్యాయి. గోరింటపాడు ఎక్కడుందో తెలియనివాళ్ళకి కూడా గానుగ వీధి గొయ్యి తెలిసింది. పేజీ పక్కన ప్రకటనలు బారులు తీరాయి. ఎముకల ఆస్పత్రి, జారని చెప్పులు, ప్రమాద బీమా, నీళ్ళ ట్యాంకర్లు. అన్నీ గొయ్యికి దగ్గర చుట్టాలే.

పదో రోజున జీపు వచ్చి ఆగింది. అందులోంచి అసిస్టెంటు ఇంజనీరు బాపినీడు దిగాడు. చేతిలో టేపు. వెనకాల ఏసుదానం, భుజానికి సంచీ. రాత ఊరికే పోలేదనుకుంది వకుళ. రైసుమిల్లు నీళ్ళతోనే జీపు డ్రైవరుతో కలిపి ముగ్గురికీ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళబోయి, గుమ్మంలో నిలబడిపోయింది. ఏసుదానం సంచీలోంచి ముక్క తీసి గోతిలో ఒక కాలు పెట్టాడు. బాపినీడు రెండో కాలు పెట్టనివ్వలేదు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"బిగిద్దామనండి. అరగంట."

"బిగిస్తే బాధ తీరిపోదూ?"

"అందుకే కదండీ."

"బాధ తీరితే పేజీ తీసేస్తారు. పేజీ పోతే వీక్షణలు పోతాయి. వీక్షణలు పోతే ఆదాయం పోతుంది. నీకు ఇంకా సర్వీసు ఎంత మిగిలింది?"

"మూడేళ్ళండి."

"ఆ మూడేళ్ళూ ముక్కని సంచీలో ఉండనీ."

ఏసుదానం కాలు బయటికి తీశాడు. బాపినీడు టేపుతో గొయ్యి కొలిచి, అంచుల చుట్టూ సున్నం గీత గీయించి, నీలంరంగు బోర్డు పాతించాడు. "ఆదాయ ఉత్పాదక ఆస్తి నెం. 1. పూడ్చరాదు. ఇందులో చెత్త వేయరాదు. ఫొటోలు తీసుకొనవచ్చును." తర్వాత వకుళ వైపు తిరిగి చేతులు జోడించి, పురపాలక సంఘ చరిత్రలో ఒక పౌరురాలి బాధ ఇంత ఫలవంతం కావడం ఇదే ప్రథమమని, కమిషనరుగారు ప్రత్యేకంగా అభినందనలు చెప్పమన్నారని చెప్పాడు. కాఫీ కూడా తాగి వెళ్ళాడు.

ఆ మీదట గొయ్యి దశ తిరిగింది. ఆ వీధివాళ్ళు వీధిదీపం కోసం ఆరేళ్ళుగా అడుగుతున్నారు. గొయ్యి అడక్కుండానే ఒక్క పూటలో దీపం వచ్చింది, దాని ఫొటోలు మసక లేకుండా రావాలని. కార్తికంలో వాయుగుండం పట్టి వానలు పడితే, గట్లు విరిగి ఆస్తి కుంచించుకుపోతుందని పైన రేకుల పందిరి వేశారు. చుట్టూ కమ్మీలు పాతి వెండిరంగు వేశారు. వీధిలో మనుషుల ఇళ్ళు కురుస్తున్నాయి గానీ గొయ్యి కురవడం లేదు. అచ్చాయమ్మ అరుగు మీద కూర్చుని చూసి చూసి, "దీపం పెట్టారు, పందిరేశారు. ఇక మంచి సంబంధం చూడటమే తరవాయి" అంది.

గొయ్యి మీద దయ తెప్పించిన దాన్ని, తమ మీద కూడా తెప్పించలేకపోతానా అని వకుళ వారానికొకటి చొప్పున ఇంకో నాలుగు రాసింది. భుజం నొప్పి గురించి రాసింది. అత్తగారి నాలుగు బిందెల గురించి రాసింది. ఒక వారం నవ్వకుండా, నిజంగానే కళ్ళు తుడుచుకుంటూ రాసింది. దానికి అన్నిటికంటే ఎక్కువ మంది వచ్చారు. అది చూసి కమిషనరుగారు కమ్మీలకి రెండో పూత వేయించారు. తను ఎంత బాగా ఏడిస్తే గొయ్యి అంత బలపడుతోందని అప్పుడు తెలిసింది వకుళకి. రాయడం మానేసింది.

ఈలోగా కౌన్సిలు సమావేశంలో గొడవ జరిగింది. మొదటి వార్డుకే గొయ్యి ఇచ్చి మిగిలిన వార్డుల్ని చిన్నచూపు చూశారని సభ్యులు లేచి నిలబడ్డారు. మా వార్డు ప్రజలు పన్నులు కట్టడం లేదా, మాకు గొయ్యి ఏదీ అని పదమూడో వార్డు సభ్యురాలు బల్ల చరిచి అడిగింది. తన వార్డులో తన తండ్రి హయాం నుంచీ ఉన్న గోతిని పాలకులు నిర్లక్ష్యం చేశారని ఇంకొకాయన గద్గద స్వరంతో చెప్పాడు. చివరికి ఇరవై నాలుగు వార్డులకీ సమానంగా తలొక గొయ్యి మంజూరు చేస్తూ ఏకగ్రీవంగా తీర్మానించారు. తొమ్మిదో వార్డు మొత్తం రాతినేల. గడ్డపార దిగలేదు. ఆ వార్డుకి అన్యాయం జరక్కూడదని, గొయ్యికి బదులు ఒక మురుగుకాలవ మూత తీసి సర్దుబాటు చేశారు.

తవ్విన గోతుల్ని మాత్రం ఆ వార్డులవాళ్ళు నలుగురైదుగురు తప్ప ఎవరూ చూడలేదు. రాయగలిగినవాళ్ళు దొరకలేదు. "మా వార్డులో గొయ్యి ఉన్నది. చాలా లోతుగా ఉన్నది. చాలా చాలా లోతుగా ఉన్నది" అంటూ మూడు వందల పదాలదాకా నెట్టుకొచ్చిన రాతలే అన్నీ. దాంతో మళ్ళీ అందరి చూపూ గానుగ వీధి మీద పడింది. అక్కడేమో కొత్త రాత లేదు. వకుళ పేర నోటీసు వచ్చింది.

"ప్రారంభించిన బాధను అర్ధాంతరముగా నిలిపివేసి సంస్థ ఆదాయమునకు విఘాతము కలిగించినందుకు మీపై ఏల చర్య తీసుకొనరాదో స్వయముగా హాజరై తెలుపవలెను."

నోటీసు చూసి సత్యానందానికి నిజంగానే నడుం పట్టేసింది. వకుళ దాన్ని మడిచి సంచీలో పెట్టుకుంది. పెట్టుకునేముందు పాత సర్క్యులరు కూడా తీసి, మొదటినుంచి చివరిదాకా చదివింది. పప్పు పొట్లం కట్టిన కాగితమైనా ఆఖరి అక్షరందాకా చదవడం ఆవిడకి చిన్నప్పటినుంచీ అలవాటు. నాలుగో పేజీ అడుగున, పద్నాలుగో నిబంధన ఇలా ఉంది: "వరుసగా ఏడు దినములు ఒక్క వీక్షణయైనను లేని ఆస్తిని నిరర్థక ఆస్తిగా ప్రకటించి, యథాపూర్వ స్థితికి తెచ్చి, మూసివేయవలెను."

రెండుసార్లు చదివి, చీర మార్చుకుని బయల్దేరింది.

కమిషనరుగారి గదిలో ఒక నల్లబల్ల వేలాడుతోంది. దాని మీద ఏ రోజుకారోజు వీక్షణల సంఖ్య సుద్దతో వేస్తారు. పరాంకుశం గారు దాని కిందే కూర్చున్నారు. బాపినీడు పక్కన నిలబడ్డాడు. బాధ అనేది వ్యక్తిగత ఆస్తి కాదని, ఒకసారి నమోదైన బాధ ప్రజలదని, దాన్ని నిరంతరాయంగా కొనసాగించే నైతిక బాధ్యత బాధితులదేనని కమిషనరుగారు పది నిమిషాలు వివరించారు. వకుళ తల వంచుకుని విని, ఒక చిన్న సందేహం అడగవచ్చా అంది.

"యథాపూర్వ స్థితి అని సర్క్యులర్లో ఉంది సార్. అంటే పైన మట్టి కప్పెయ్యడమేనా?"

బాపినీడు నొచ్చుకున్నాడు. "మట్టి కప్పడం కాదమ్మా. గొయ్యికి పూర్వం ఏది ఎలా ఉందో అచ్చం అలాగే. గొట్టం అతకాలి, నీళ్ళు పారాలి, పైన తారు పడాలి. ఏ ఒక్కటి తప్పినా ఆడిట్ వాళ్ళు ఊరుకోరు."

"తెలుసుకుందామని అడిగానండి" అంది వకుళ. తర్వాత కమిషనరుగారి వైపు తిరిగింది. "సార్, వంటింట్లో గట్టు పక్కన నిలబడి నాలాంటిది గిలికితేనే ఇంతమంది చూశారు. ఇంత పెద్ద ఆస్తి గురించి నేను రాయడం ఏం బాగుంటుంది? భాష తెలిసినవారు, హోదా ఉన్నవారు, మీరు రాస్తే గొయ్యికే గౌరవం."

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"పదకొండేళ్ళుగా వార్షిక నివేదికకి ముందుమాట రాస్తున్నానమ్మా" అన్నారు, సర్క్యులరు గొంతు కాకుండా మామూలు గొంతుతో. "రాయమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. రాశాక బాగుందని కూడా ఎవరూ అనలేదు."

వకుళకి ఒక్క క్షణం పాపమనిపించింది. భుజం సలిపితే ఆ క్షణం దాటిపోయింది.

మర్నాడే వకుళ రాతలన్నీ 'స్థాయి చాలని కారణముచేత' తీసేశారు. వాటి స్థానంలో "గోరింటపాడు గొయ్యి: ఒక సమగ్ర అవలోకనము, ప్రథమ భాగము" వెలువడింది. "గొయ్యి అనగా భూమి ఉపరితలమునందు, నిర్దిష్ట ప్రయోజనార్థము, అధీకృత సిబ్బందిచే కల్పింపబడిన అవకాశము. గోతుల విషయమున పురపాలక సంఘము యొక్క పాత్రను పరిశీలించుటకు ముందు, అసలు పాత్ర అనగానేమో పరిశీలించుట సముచితము..." అని మొదలై, అలాగే పన్నెండు పేజీలు నడిచింది.

ఆ పేజీ తెరిచి చూస్తే అదీ ఒక వీక్షణే అవుతుందని వకుళ దాని జోలికి వెళ్ళలేదు. నల్లబల్ల మీది సంఖ్యని ఏసుదానం రోజూ డ్యూటీ దిగి ఇంటికెళుతూ గేటు దగ్గర ఆగి చెప్పేవాడు. సోమవారం తొమ్మిది వేలు. మంగళవారం ఆరు వందలు. బుధవారం నలభై ఆరు. గురువారం నలభై ఆరు. శుక్రవారం కూడా నలభై ఆరే.

అక్కడే ఆగిపోయిందేమిటా అని వకుళ కంగారు పడింది. ఏసుదానం నసిగాడు. "మేమేనండి. స్టాఫు మొత్తం నలభై ఆరుమందిమి. పొద్దున్నే పదిన్నరకల్లా చూసి రిజిస్టర్లో సంతకం పెట్టాలని ఆర్డరేశారండి. నేనూ చూశానండి. తప్పదు కదండి."

కానీ వెబ్‌సైటు కంపెనీ వాళ్ళ దగ్గర యంత్రం ఉంది. సొంత రాతల్ని సొంత మనుషులే చూసుకుని వీక్షణలు పెంచుకోవడం ఆ వ్యాపారంలో మహాపరాధమట. ఒకే కార్యాలయం నుంచి, ఒకే వేళకి, నలభై ఆరుమంది ఒకటే పేజీ తెరిచి, అందరూ మూడు సెకన్లకే మూసేస్తున్నారని యంత్రం పసిగట్టింది. ఇకమీదట పురపాలక సంఘం ఉద్యోగుల చూపులు లెక్కలోకి రావని కంపెనీ నుంచి కమిషనరుగారికి ఉత్తరం వచ్చింది. ఆ రోజు సాయంత్రం ఏసుదానం గేటు దగ్గర సంచీ దించి, ఒక వేలు చూపించాడు.

"ఒకటండమ్మగారూ."

మర్నాడూ ఒకటే. ఆ మర్నాడూ ఒకటే. వారం దాటినా ఒకటే. ఏడు సున్నాలు కావాలి, ఒక్కటీ పడటం లేదు. ప్రపంచంలో ఎవరో ఒక మహాత్ముడు, తప్పకుండా రోజుకొకసారి, ఆ పన్నెండు పేజీలూ తెరుస్తున్నాడు. అదెవరో తెలియక వకుళ కంటికి కునుకు లేదు. కమిషనరుగారి భార్య అయ్యుండదు. ఆవిడ ఆ రాతల్ని రాసేటప్పుడే వినేసి ఉంటుంది.

ఒక మధ్యాహ్నం వకుళ అంట్లు తోముతుంటే, గదిలోంచి ఫోను గొంతు వినపడింది. అచ్చాయమ్మకి చూపు ఆనదని, అక్షరాల్ని ఫోనే పైకి చదివి వినిపించే ఏర్పాటు సత్యానందం ఎప్పుడో చేసిపెట్టాడు. "గొయ్యి అనగా, భూమి ఉపరితలమునందు..." అంటోంది ఫోను. వకుళ బూడిద చేతులతోనే లోపలికి పరిగెత్తింది. అచ్చాయమ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని, ఫోను గుండెల మీద పెట్టుకుని ఉంది.

"అత్తయ్యా, ఆ ఒక్కరూ మీరా?"

"ఆపకే. 'అవకాశము' దాకా రానీ."

"అది వినకండి. మీరు వినడం మానేస్తే మనకి నీళ్ళొస్తాయి."

అచ్చాయమ్మ కళ్ళు విప్పింది. "నువ్వు రాసింది విన్నప్పుడు నవ్వొచ్చి ఉన్న నిద్ర కూడా పారిపోయేది. ఈ మహానుభావుడు అలా కాదు. 'అవకాశము' అనేసరికి రెప్ప వాలుతుంది. 'పాత్ర' దాకా నేను ఇంతవరకూ పోలేదు."

"ఏడు రోజులండి అత్తయ్యా. ఏడే."

"నీళ్ళు లేకుండా అయిదు నెలలున్నాను. నిద్ర లేకుండా మీ మావయ్య పోయిన దగ్గర్నుంచీ పదేళ్ళున్నాను. ఇప్పుడు నన్ను ఏది మానుకోమంటావే?"

ఆవిడ అడిగిందాంట్లో న్యాయముంది. వకుళ చేతులు కడుక్కుని, చాలాసేపు మంచం పట్టె మీద కూర్చుంది. తర్వాత లేచి, సత్యానందం హాజరు పట్టీ కోసం తెచ్చుకున్న పొడుగు నోటుబుక్కు తీసింది. ఫోను ఎలాగూ తెరిచే ఉంది, ఆ రోజు వీక్షణ ఎలాగూ అయిపోయింది. పన్నెండు పేజీలూ చూసి చేత్తో ఎక్కించడం మొదలుపెట్టింది. మధ్యలో మూడుసార్లు కలం జారి, గీత పేజీ అంచుదాకా పోయింది. నాలుగోసారి నోటుబుక్కు మీదే తల వాల్చి పడుకుంది. సాయంత్రం లేచి, ముఖం కడుక్కుని, మిగతాది నిలబడి రాసింది.

మర్నాటి నుంచి మధ్యాహ్నం అంట్లు పక్కన పెట్టి, నోటుబుక్కులోంచి చదివేది. కాగితానికి వీక్షణలు పడవు. అచ్చాయమ్మ మొదటి రోజు, ఫోను చదివినంత నిర్వికారంగా లేదని, కోడలి గొంతులో ఎక్కడో వెటకారం వినపడుతోందని వంకపెట్టింది. రెండో రోజు వకుళ వెటకారం తీసేసి చదివింది. ఆవిడ నిద్రపోయింది. మూడో రోజు వకుళ నీళ్ళకి వెళితే సత్యానందం చదివాడు. తిరిగొచ్చేసరికి తల్లీ కొడుకూ ఇద్దరూ నిద్రలో ఉన్నారు. గేటు దగ్గర ఏసుదానం వేళ్ళు చూపించడం మానేసి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టేవాడు. మూడు సున్నాలు. నాలుగు. ఆరు.

ఏడోది ఆదివారం పడింది. ఆఫీసుకి సెలవు. బల్ల మీద సంఖ్య వేసేవాళ్ళు లేరు, ఏసుదానం రాడు. ఆ రోజంతా వకుళ ఫోను చుట్టూ తిరిగింది. చూస్తే తెలుస్తుంది. కానీ చూడటమే ఒక వీక్షణ. ఎవరైనా చూశారేమో చూద్దామని తను చూస్తే, ఎవరూ చూడలేదన్నమాట అబద్ధమైపోతుంది. సాయంత్రం నాలుగింటికి చెయ్యి ఫోను మీదకి వెళ్ళింది కూడా.

"వేలు పెట్టావంటే రేపట్నుంచి మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టుకోవాలి" అంది అచ్చాయమ్మ మంచం మీంచే. ఫోను లాక్కుని, తన దిండు కింద పెట్టుకుని, దాని మీద పడుకుంది. ఆ పూట ఆవిడకి ఏమీ చదవకుండానే నిద్ర పట్టింది. వకుళకే పట్టలేదు.

సోమవారం పదకొండింటికి జీపు వచ్చింది. బాపినీడు చేతిలో ఫైలు, ముఖంలో విషాదం. ఏసుదానం వెనక నుంచే రెండు చేతులతోనూ సున్నాలు చుట్టి చూపించాడు. బాపినీడు గోతి ఎదుట నిలబడి, ఆదాయ ఉత్పాదక ఆస్తి నెం. 1 వరుసగా ఏడు దినములు ఒక్క వీక్షణకైనను నోచుకోనందున నిరర్థకమైనదని చదివి, పద్నాలుగో నిబంధన ప్రకారం చర్య తీసుకోమన్నాడు.

ఏసుదానం సంచీలో చెయ్యిపెట్టి ముక్క తీశాడు. అయిదు నెలలు తిరిగిన ముక్క, నున్నగా మెరుస్తోంది. గోతిలోకి దిగి బిగించి పైకి వచ్చేసరికి ఇరవై అయిదు నిమిషాలైంది. అరగంటలో మిగిలిన అయిదు నిమిషాలూ కాఫీ తాగాడు. గొయ్యి పూడ్చారు, తారు పోశారు. కమ్మీలు పీకారు, పందిరి విప్పారు. తర్వాత ఒకడు స్తంభమెక్కి వీధిదీపం కూడా విప్పడం మొదలుపెట్టాడు. అదెందుకండీ తీయడం అని వకుళ అడిగింది.

"గొయ్యికి పూర్వం ఈ వీధిలో చీకటే కదమ్మా" అన్నాడు బాపినీడు. "యథాపూర్వ స్థితి."

ఆ మర్నాడు పొద్దున అయిదూ నలభైకి కొళాయి ముందు దగ్గింది, తర్వాత ఎర్రగా ఉమ్మింది, తర్వాత పారింది. అచ్చాయమ్మ తొమ్మిది బిందెలు పోసుకుని, ఇంకో రెండు కావాలంది. వకుళ విసుక్కోకుండా తోడి ఇచ్చింది.

కమిషనరుగారు రెండు రోజులు గది తలుపు వేసుకున్నారు. పాఠకుల స్థాయి ఇంకా పెరగవలసి ఉందని సిబ్బందితో అన్నారట. మూడో రోజు తలుపు తీసేసరికి ఎదురుగా పాతికమంది. ఎవరి వార్డులో గొయ్యి వాళ్ళకుంది, గానుగ వీధిలో నీళ్ళొచ్చిన వైనం ఏసుదానం ద్వారా అందరికీ చేరింది. పదమూడో వార్డు సభ్యురాలు ముందుకొచ్చి బంతిపూల దండ వేసింది.

"మా గొయ్యి గురించి కూడా మీరే రాయాలి సార్. ఇంకెవరు రాసినా మాకొద్దు."

పరాంకుశం గారికి కళ్ళు చెమర్చాయి. పదకొండేళ్ళ ముందుమాటల ఫలం ఇప్పటికి దక్కిందనుకున్నారు. వార్డుకొక సంపుటం చొప్పున ఇరవై మూడు సంపుటాలు రాశారు. ఉగాది రాకముందే ఊళ్ళో ఒక్క గొయ్యీ మిగల్లేదు. తొమ్మిదో వార్డులో మురుగుకాలవ మూత దాని చోటికి అది వచ్చేసింది. రాత వల్ల ఊరు బాగుపడటం గోరింటపాడులోనే జరిగిందని సన్మాన సభలో వక్తలందరూ అన్నారు. ఆ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు కాబట్టి వకుళ కూడా చప్పట్లు కొట్టింది.

సభ నుంచి చీకట్లో తడుముకుంటూ వీధిలోకి వస్తుంటే, దీపం సంగతి గుర్తొచ్చింది. ఇప్పుడు దానికి అర్జీ పెట్టాలి. ఏడు రోజులు ఎవరూ చూడకపోతే యథాపూర్వ స్థితికి తెస్తారు. ఈసారి పూర్వం అంటే దీపం ఉన్న పూర్వమే. గొయ్యి ఉన్నన్నాళ్ళూ వెలిగింది, రికార్డులో ఉంది.

మర్నాడు మధ్యాహ్నం పప్పు దింపాక, స్టూలు వేసుకుని శ్రద్ధగా కూర్చుంది. నవ్వొచ్చిన మాటనల్లా కొట్టేసింది. "దీపము అనగా చీకటిని నివారించు నిమిత్తము, నిర్దిష్ట ఎత్తునందు, అధీకృత సిబ్బందిచే ఏర్పాటు చేయబడిన సదుపాయము. చీకటిని పరిశీలించుటకు ముందు..." మూడు వందల పదాలు అయ్యేసరికి రెండుసార్లు ఆవులించింది. పంపేముందు ఒకసారి పరీక్షించడం మంచిదని గదిలోకి వెళ్ళి, అత్తగారి మంచం పక్కన కూర్చుని, వెటకారం లేకుండా పైకి చదివింది.

రెండో వాక్యం సగంలో అచ్చాయమ్మ గురక మొదలైంది. వకుళ తృప్తిగా మీట నొక్కింది.